లెక్కకు రాని ముద్దలు

మా నాయన ఎల్లప్పకు అమ్మ కిడ్నీ సరిపోతుందన్నారు. కానీ అమ్మ ఎనిమిది కిలోలు తగ్గితేనే ఆపరేషన్ అని వేలూరు డాక్టరు తేల్చి చెప్పేశారు. మూడు నెలల్లో తగ్గాలి. అంతకన్నా ఆగే ఓపిక నాయన ఒంట్లో లేదు.

ఆ రోజు నుంచి గుడియాత్తంలో మా వంటిల్లు నా చేతిలోకి వచ్చింది. అమ్మ తినే ప్రతి ఇడ్లీ, ప్రతి చెంచా నూనె ఫోన్‌లో ఎక్కించాను. రోజుకు పన్నెండు వందల కేలరీలు, పొద్దున గంట నడక. పాపం, మోకాళ్లు పట్టేసినా నడిచింది. రెండు నెలలకు తగ్గింది ఎంత? కిలోన్నర! నాకు ఒళ్లు మండిపోయింది.

"దొంగతనంగా ఏం తింటా ఉండావమ్మా?" అని అరిచాను.

"సత్తియంగా భువనా, నువ్వు రాసిందే తిన్నా" అని అమ్మ ఏడ్చింది.

ఆదివారం మధ్యాహ్నం కనిపెట్టాను. నాయన సగం అన్నం వదిలేసి లేచాడు. అమ్మ అదే కంచం ముందు కూర్చుని, మిగిలిందంతా తిని, ఆ తర్వాత తన రెండు చపాతీలు పెట్టుకుంది. పెళ్లయిన నాటి నుంచి ఆమెకు అదే అలవాటు. మా అవ్వ నేర్పింది.

"ఇది నాకు చెప్పలేదేమి?"

"అది మీ నాయన అన్నం గదమ్మా. నాది కాదే."

ఈ మనుషులతో ఎట్లా వేగాలి దేవుడా! నేరుగా నాయన దగ్గరికి పోయాను.

"ఇంక కంచంలో మిగల్చొద్దు నాయనా. అమ్మ అదంతా తినేస్తా ఉండాది."

"తెలుసు" అన్నాడు, గోడవైపు చూస్తూ. "తెలిసే మిగిలిస్తా ఉండా. బరువు తగ్గకపోతే దాన్ని కొయ్యరు గదా. నేను పోతే పోతా. దాని ఒంటిమీద కత్తి పడనీను."

డయాలసిస్ నుంచి వచ్చిన రోజు కూడా ఆకలి చంపుకుని వదిలేశాడన్నమాట. తిట్టాలని నోరు తెరిచాను, ఏడుపొచ్చింది. వెనక్కి తిరిగితే గుమ్మంలో అమ్మ. అంతా విన్నది.

మరునాడు మధ్యాహ్నం అమ్మ రెండు కంచాలు తెచ్చింది. నలభై ఏళ్లలో మొదటిసారి ఆయన ఎదురుగా భోజనానికి కూర్చుంది. నాయన సగంలో చెయ్యి ఆపాడు. అమ్మ కూడా ఆపింది.

"తినప్పా. నువ్వు మిగిలిస్తే నేనూ ముట్టను. ఇద్దరం ఒకటిగానే పోదాం."

నాయన మళ్లీ ముద్ద కలిపాడు. కారుతున్న కళ్లు తుడుచుకోకుండానే చివరి మెతుకు దాకా తిన్నాడు.

అమ్మ కూడా తనది ముగించి, ఖాళీ కంచం నావైపు జరిపింది.

"ఇప్పుడు రాసుకో భువనా" అంది.