ఫిట్ అని రాయండి

రాణిని రాజమండ్రి ప్రభుత్వాసుపత్రికి తెచ్చేసరికి మధ్యాహ్నం రెండైంది. ఎస్సై సురేంద్ర ఆమె చేతికున్న బేడీ రెండో కొసని మంచానికి తగిలించి, క్యాజువాలిటీ డాక్టరు శ్రీసత్య ముందు ఓ కాగితం పెట్టాడు.

"రైల్లో దొరికిందండి. హెరాయిన్ ప్యాకెట్లు మింగింది. మూడు గంటలు ప్రశ్నించాం. ఇప్పుడు నిద్ర నటిస్తోంది. కస్టడీకి ఫిట్ అని రాయండి, తీసుకెళ్లిపోతాం."

శ్రీసత్య కాగితం ముట్టుకోలేదు. ఆ పిల్ల పెదవులు నేరేడుపండు రంగుకి తిరిగాయి. రెప్ప ఎత్తి చూస్తే కంటిపాప ఆవగింజంత ఉంది. నిమిషానికి ఆరుసార్లే ఊపిరి. భీమవరం దగ్గర శ్రీసత్య తండ్రి చేపల చెరువులో ఆక్సిజన్ తగ్గిన రోజున చేపలు ఇలాగే నోళ్లు తెరిచేవి.

"నటనా? ఊపిరి ఆగిపోతోందండీ! ముందు ఆ బేడీ తీయండి."

"పారిపోతే?"

"ఎక్కడికండీ, పైకా?"

బేడీ ఊడింది. నర్సు ఎజ్రా మాస్కు పెట్టి గాలి అందిస్తుంటే, శ్రీసత్య హెరాయిన్ మత్తుకి విరుగుడు ఇంజక్షన్ ఇచ్చింది. కాసేపటికి రాణి దగ్గి, కళ్లు తెరిచి, "అమ్మా" అంది.

"లేచింది కదండీ." ఎస్సై కాగితం మళ్లీ ముందుకి తోశాడు.

"ఈ ఇంజక్షన్ గంట కూడా పనిచెయ్యదు. లోపల ప్యాకెట్టు కారుతూనే ఉంటుంది. మీ జీపులోనే ప్రాణం పోతుంది. నేను రాయను."

ఆమె అన్నట్టే అయింది. ముప్పావుగంటకి రాణి మళ్లీ మత్తులోకి జారింది. ఈసారి విరుగుడు మందుని డ్రిప్పులో ఆపకుండా ఎక్కించారు. ఎక్స్‌రేలో పేగుల పొడవునా బొటనవేలంత ప్యాకెట్లు కనిపించాయి.

"ఉప్పునీళ్లు పట్టి కక్కించెయ్యండి మేడమ్. కోర్టుకి చూపించాలి."

"కక్కిస్తే ఇంకోటి పగులుతుంది. పగిలితే కోర్టుకి శవాన్ని చూపిస్తారా?"

రాణిని ఐసీయూకి మార్చి, తెలివి వచ్చాక ముక్కులోంచి గొట్టం వేసి మందునీళ్లతో నెమ్మదిగా పేగులు కడిగారు. అవసరమైతే కోయడానికి సర్జన్‌ని సిద్ధంగా ఉంచారు. మర్నాటికి ఆమె మాట్లాడింది.

"మాది అంతర్వేది పక్కనండి. అమ్మ ఎండుచేపలమ్ముద్ది. కువైట్లో ఇంటిపని ఇప్పిస్తానని ఏజెంటు దొరబాబు నా పాస్‌పోర్టు తీసేసుకున్నాడండి. ఇయ్యి చెన్నై చేరిస్తేనే వీసా అన్నాడు. అరటిపండు ముక్కల్లో పెట్టి మింగించాడండి. పక్క బోగీలోనే ఉన్నాడు. నన్ను దింపుతుంటే కిటికీలోంచి చూశాడండి."

"పోలీసులకి చెప్పావా?"

"చెప్పానండి. రాసుకోలేదు."

శ్రీసత్య విసురుగా బయటికొచ్చింది. "ఆ పేరు ఎందుకు రాసుకోలేదండీ?"

సురేంద్ర తొణకలేదు. "సరుకు ఆవిడ కడుపులో ఉంది మేడమ్. వాడి కడుపులో లేదు కదా."

ఆమెకి ఒళ్లు మండిపోయింది. లోపలికెళ్లి కేస్ షీట్ ముందేసుకుంది. రాణి ఏ గంటకి వచ్చిందో, అంతకుముందు మూడు గంటలు ఎక్కడుందో, ఊపిరి ఎన్నిసార్లుందో, ఆ స్థితిలో ఎవరు ఏ సర్టిఫికెట్ అడిగారో అంతా రాసింది. దొరబాబు పేరుని రాణి మాటల్లోనే రాసి సంతకం పెట్టింది.

మూడోరోజుకి పేగులు శుభ్రమయ్యాయి. రిమాండ్ కోసం మేజిస్ట్రేట్ వార్డుకే వచ్చారు. శ్రీసత్య ఇచ్చిన కేస్ షీట్ చదివి ఎస్సై వైపు తిరిగారు.

"ఈ దొరబాబు మీ రిపోర్టులో లేడేంటి?"

మేజిస్ట్రేట్ అక్కడే కూర్చుని రాణి వాంగ్మూలం రాయించారు. అయినా రాణికి రిమాండ్ తప్పలేదు. సాయంత్రానికి పోలీసులు వెళ్లేసరికి దొరబాబు ఆఫీసుకి తాళం ఉంది. పారిపోవడానికి వాడికి మూడురోజులు దొరికాయి.

రాణి తల్లి మహాలక్ష్మమ్మ వార్డు గుమ్మం దగ్గర శ్రీసత్య చేతులు పట్టుకుంది.

"నా బిడ్డని బతికించారండి. మా పేటలో ఇంకా నలుగురు ఆడపిల్లల పాస్‌పోర్టులు ఆడి దగ్గరే ఉన్నాయండి. ఆళ్లనెక్కడికి పంపేడో ఏంటో?"

డ్యూటీ అయిపోయినా శ్రీసత్య ఇంటికి వెళ్లలేదు. ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని, "ఆ నలుగురి పేర్లూ చెప్పండి" అంటూ జిల్లా ఎస్పీకి ఫిర్యాదు రాయడం మొదలుపెట్టింది.