ప్రాగ్ కొండ దిగుతూ

ప్రాగ్ వెళ్ళాలన్నది కూతురు కృతి ఆలోచన. అమెరికాలోని షాంటిలీలో ఒకే కంపెనీలో ఏళ్ళ తరబడి టెస్టింగ్ టీమ్ నడిపిన సుధకి నవంబర్‌లో ఉద్యోగం పోయింది.

"లేఆఫ్ అనుకోకు మమ్మీ, బ్రేక్ అనుకో. జనవరిలో మనిద్దరం ట్రిప్ వేద్దాం" అంది కృతి.

తీరా బయలుదేరే వారంలో కృతికి సెలవు దొరకలేదు. సుధ భర్త రఘుకి చలి పడదు. టికెట్లు క్యాన్సిల్ చేస్తానన్నాడు.

"వద్దు. నేనొక్కదాన్నే వెళ్తాను" అంది సుధ. అన్నాక తనకే ఆశ్చర్యం వేసింది.

ప్రాగ్‌లో మొదటి రోజు అందరూ చూసేవన్నీ చూసింది. పాత గడియారం, రాతి వంతెన, దాని మీద నెత్తిన మంచు పేరుకున్న విగ్రహాలు. ఫోటోలు పంపితే "సూపర్! ఎంజాయ్!" అని ఇంటి నుంచి జవాబులొచ్చాయి. అంత అందం ఎదురుగా ఉన్నా లోపలి బరువు లోపలే ఉంది.

మర్నాడు కొండ మీది కోట చూసి బయటికొచ్చేసరికి సన్నటి వాన పడుతోంది. పడింది పడినట్టే రాళ్ళ మీద గడ్డకడుతోంది. ట్రాములు ఆగిపోయాయి. దిగే దారి మొదట్లో ఒక ముసలావిడ కూరగాయల సంచితో గోడ పట్టుకుని నిలబడిపోయింది. సాయం కావాలా అని సుధ ఇంగ్లిష్‌లో అడిగింది. ఆవిడ అర్థం కాలేదన్నట్టు తల అడ్డంగా ఊపి, తన భాషలో ఏదో అంటూ చెయ్యి చాపింది.

ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని దిగసాగారు. ఆవిడ తన భాషలోనే మాట్లాడుతుంటే సుధ నోటికి తెలుగే వచ్చింది.

"మెల్లగా అండీ, ఇక్కడ జారుతోంది. ఆ, అంతే."

సగం దూరం దిగాక సుధ ఉన్నట్టుండి అంది: "నా ఉద్యోగం పోయిందండీ. అందరూ రెస్ట్ దొరికిందంటున్నారు. పొద్దున్నే లేచి ఏం చెయ్యాలో తోచక, బాత్రూమ్‌లో కుళాయి తిప్పేసి ఏడుస్తున్నాను. ఇంట్లో ఎవరికీ తెలీదు."

ఆవిడకి ఒక్క మాటా అర్థమై ఉండదు. అయినా ఆగి సుధ ముఖంలోకి చూసింది. ఆ తర్వాత ఆవిడ కూడా చాలాసేపు ఏదో చెప్పింది. అందులో ఒక పేరు మళ్ళీ మళ్ళీ వచ్చింది. "అయ్యో" అంది సుధ. కింద వీధి చేరాక ఆవిడ చేతి తొడుగు తీసి, సుధ చెంప నిమిరి, ఒక గుమ్మంలోకి వెళ్ళిపోయింది.

తిరిగొచ్చిన రోజు కృతి ఎయిర్‌పోర్ట్‌కి కార్ తెచ్చింది.

"హౌ వాజ్ ఇట్ మమ్మీ? రెస్ట్ అయ్యిందా?"

"ఊరు చాలా బాగుంది. కానీ నాకు కావాల్సింది రెస్ట్ కాదు కృతీ. ఉద్యోగం పోయిందని రోజూ ఏడుస్తున్నాను."

సిగ్నల్ దగ్గర కార్ ఆపి కృతి తల్లి వైపు తిరిగింది. సిగ్నల్ మారింది. వెనక కారు హారన్ కొట్టింది.

"నేనేమో బ్రేక్ అన్నా... సారీ మమ్మీ. నాకు తెలీదు."

"నేను చెప్తే కదా తెలిసేది."

కృతి ఇంటివైపు తిప్పకుండా కార్‌ని నేరుగా పోనిచ్చింది. "నాన్నకి లేట్ అవుద్దని మెసేజ్ పెట్టు. ఎక్కడైనా కూర్చుందాం. మొత్తం చెప్పు."

ఆఫీసులో ఐడీ కార్డ్ ఇచ్చేసి పార్కింగ్ దాకా ఒంటరిగా నడిచిన రోజు దగ్గర్నుంచి సుధ మొదలుపెట్టింది.