గ్రంథాలయంలో చదివిన మాట

తలుపు తీయకముందే పేపరు కోసం చేయి చాచిన అంతయ్యను చూడగానే కోమలకు ఒళ్లు మండిపోయింది. ఆమె ఆ గని కాలనీ గ్రంథాలయం చూసుకునే మనిషి.

అక్కడ అదొక పాత అలవాటు. డ్యూటీ దిగినవాళ్లు, చదువు రానివాళ్లు అరుగు మీద చేరితే, రిటైరైన అంతయ్య పేపరు పైకి చదువుతాడు. ఆయన నోట వస్తేనే అది వార్త. అలాంటి పెద్దమనిషి నిన్న, కోమల మీటింగుకు పోయిన పూట, పేపరు మడిచి పెట్టి, పిల్లను ఎత్తుకున్న ఆడమనిషి ఫోటోతో ఫోన్లో వచ్చిన మెసేజును అదే గొంతుతో చదివాడు. పిల్లల్ని ఎత్తుకుపోయే ఆడవాళ్లు చీపుర్లమ్మే వేషంలో తిరుగుతున్నారట! సాయంత్రానికల్లా, ఆసిఫాబాద్ నుంచి చీపుర్లు అమ్ముకోవడానికి వచ్చిన యాదవ్వను జనం కరెంటు స్తంభానికి కట్టి కొట్టారు. చేయి విరిగింది.

"నాకేం ఎరుక బిడ్డా? అందరి ఫోన్లకచ్చింది, నేను సదివిన. నిప్పు లేంది పొగ వస్తదా?" అన్నాడు అంతయ్య.

"పొగ వెట్టిందే నువ్వు కాకా! ఫోన్ల జూసి ఎవలన్న ఉరికిండ్రా? నువ్వు గీడ గూసొని సదివినవనే ఉరికిండ్రు. గ్రంథాలయంల సదివిండ్రంటే అబద్ధమెట్లయితదనుకున్నరు!"

రెక్క పట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. నేర్పుతా రమ్మని ఎన్నిసార్లు పిలిచినా "ఈ వయసుల నాకెందుకు" అని నవ్విపోయిన మనిషే. ఆ ఫోన్లోని ఫోటోను ఎక్కించి వెతికితే ఇట్టే తేలింది. ఎక్కడో వరదల్లో బిడ్డను ఒడ్డుకు మోసుకొస్తున్న తల్లి ఫోటో అది.

అంతయ్య ముఖం పాలిపోయింది. కోమలకు జాలి కలగలేదు.

"నడువు దవాఖానకు. గీ ముచ్చట ఆమెకు నువ్వే చెప్పు."

దవాఖానలో యాదవ్వ చేతికి కట్టుతో పడుకుని ఉంది. పక్కలో చిన్న పిల్ల నిద్రపోతోంది. అంతయ్య చేతులు జోడించి, "నిన్న గది సదివింది నేనే తల్లీ. అంతా అబద్ధం," అన్నాడు.

యాదవ్వ ఆయన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వేనా? నిన్న పొద్దుగాల మీ గ్రంథాలయం ముంగట పోతుంటే నువ్వు సదివేది ఇన్న. పెద్దమనిషి సదువుతుండు, నిజమేననుకున్న. ఎవలన్న ఎత్తుకపోతరని నా బిడ్డను కొంగు కింద దాసుకున్న. గది జూసే నన్ను వట్టుకున్నరు."