ఆటో ఎక్కిన సైకిలు

పెనుకొండ దాటి ధర్మవరం దోవలో నాకొక రేకుల షెడ్డు ఉంది. పొద్దున్నే నానబెట్టిన బొరుగులతో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెడతాను. ఇరవై రెండేళ్లుగా అదే పొయ్యి, అదే బాణలి. లారీల వాళ్లు, పాల వాళ్లు, పెళ్లిచూపులకు పోయేవాళ్లు, అందరూ నా చేతి బొరుగులు తిన్నవాళ్లే. కానీ నా ఉగ్గాని తిని భోరున ఏడ్చిన మనిషిని మాత్రం మొన్న మాఘమాసంలోనే చూశాను.

ఆ పిల్ల పేరు లక్ష్మీప్రియ. పాతికేళ్లుంటాయేమో. ఊరు సేలం. సంచులు కట్టిన గేర్ల సైకిలును తొక్కకుండా తోసుకుంటూ వచ్చింది. వెనక టైరు పక్కన రెండు వేళ్ల మేర చీలి, లోపలి ట్యూబు బయటికి తొంగి చూస్తోంది.

ఆమెకు తెలుగు రాదు, నాకు అరవం రాదు. ఆమె ఫోనుతో ఏదో చెబితే ఫోను తెలుగులో పలికింది: "నేను కన్యాకుమారి నుండి కాశ్మీరు వరకు సైకిలుపై ప్రయాణించుచున్నాను."

"ఏందమ్మే, నీ ఫోను వార్తలు చదివినట్టు మాట్లాడతాది!" అన్నాను.

ఓబుళప్ప అప్పుడే బజ్జీ తింటున్నాడు. రోజూ టమోటా పెట్టెలు వేసుకొని ధర్మవరం పోయే ఆటో అతనిది. టైరు చూసి పెదవి విరిచాడు.

"ఈ సైజు పెనుకొండలో దొరకదవ్వా. ధర్మవరంలో గేర్ల సైకిళ్లు బాగుచేసే ఆయప్ప ఒగడుండాడు. ఆ పాపను ఎక్కమను, సైకిలు పెట్టెల మీద కట్టుకుంటా."

"క్షమించండి. నేను ఏ వాహనమూ ఎక్కను," అంది ఫోను.

ఎందుకో కూడా ఆ ఫోనే చెప్పింది. పోయినేడు ఇట్లాగే బయలుదేరిందట. కృష్ణగిరి దగ్గర జ్వరమొస్తే ఎవరో పుణ్యాత్ములు లారీ ఎక్కించి బెంగళూరులో దింపారట. ఆ కాస్త దూరం తొక్కలేదన్న బాధతో మనసు విరిగి ఇల్లు చేరిందట. ఈసారి ఒక్క ఫర్లాంగు కూడా బండెక్కకూడదు. ఎక్కితే మళ్లీ కన్యాకుమారి నుంచి మొదలే. దోవలో అందరూ మంచివాళ్లు కావడమే ఆమెకు కష్టమైపోయింది. హిందూపురం మండీలో ఒకాయన వద్దన్నా వినకుండా బెల్లం దిమ్మె సంచిలో కుక్కాడు. పరిగి దగ్గర ఒకావిడ ట్రాక్టరు ఆపించి, ఎక్కితే గానీ కదలనని కూర్చుంది.

"అయితే ధర్మవరం దాకా నలభై కిలోమీటర్లు తోసుకుంటా పోతావా?" అన్నాను. తల ఊపింది.

"ముందు తిను," అని పళ్లెం ఇచ్చాను. ఫోను సైకిలు సంచిలో పెట్టి కూర్చుంది. మంచి ఆకలి మీదుంది. రెండోసారి పెట్టాను. మూడోసారి గరిటె ఎత్తేసరికి పళ్లేనికి రెండు చేతులూ అడ్డం పెట్టి, "పోదుం, పోదుం!" అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఓబుళప్పా, పోదాం పోదాం అంటాంది! మనసు మారిండాది. సైకిలెత్తు!"

"పళ్లెంలో ఇంగా ఉండాది కదవ్వా?"

"తొందర పడతాంది పాపం. నువ్వెత్తప్పా."

ఆమె షెడ్డు వెనక చేయి కడుక్కొని వచ్చేలోగా సైకిలు టమోటా పెట్టెల మీద పడుకొని ఉంది. చూసి ఒక్క కేక పెట్టింది. ఆటో పట్టుకొని భోరుమంది.

"నువ్వే కదమ్మే పోదామంటివి!" నాకు కొంచెం కోపం కూడా వచ్చింది.

"పోదుం!" అని కడుపు చూపించింది.

ఓబుళప్ప భయపడ్డాడు. "అవ్వా, నీ బజ్జీ కడుపులో తిప్పినట్టుండాది. ఆస్పత్రికి పోదామంటాందేమో!"

ఆ గొడవ విని పక్క ఇంటి రూతమ్మ వచ్చింది. వేలూరులో పదేళ్లు ఆయాగా పనిచేసిన మనిషి, అరవం బాగా వచ్చు. ఆ పిల్లతో నాలుగు మాటలు మాట్లాడి, కొంగు నోటికడ్డం పెట్టుకొని నవ్వింది.

"ఓ అవ్వా, పోదుమంటే చాలు అని! కడుపు నిండింది, ఇంగ పెట్టొద్దంటే ఆటో ఎక్కిస్తాండావా!"

సిగ్గుతో నా ముఖం బాణలి కంటే వేడెక్కింది. ఓబుళప్ప తాళ్లు విప్పబోయాడు. అప్పుడు నాకొకటి తోచింది.

"ఉండప్పా. రూతమ్మా, అడుగు. పంతం ఆయమ్మిదా, సైకిలుదా? సైకిలు ఆటోలో పోయి బాగై మళ్లా ఈడికే వస్తాది. ఆయమ్మి ఈడ్నే ఉంటాది. వచ్చినాక ఈడ నుంచే తొక్కుతాది. దాంట్లో తప్పేముండాది?"

ఆ పిల్ల ఏడుపు ఆపింది. ఓబుళప్పను కిందికీ మీదికీ చూసింది. చూడదా మరి? పరిచయమై అరగంట కాలేదు. ఆ సైకిలు పోతే కాశ్మీరూ పోయినట్టే.

ఓబుళప్పకు అర్థమైంది. సీటు కింది నుంచి తన క్యారేజీ తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"సంగటి, రోట్లో నూరిన చెనిక్కాయల ఊరిబిండి. మా ఇంటామె ఊరిబిండి వదిలి నేను యాడికీ పారిపోలేనని చెప్పు రూతమ్మా."

ఆమె ఏడుస్తూనే నవ్వింది. ఫోను తీసుకొని, క్యారేజీ ఒళ్లో పెట్టుకొని బల్ల మీద కూర్చుంది.

పదకొండుకు షెడ్డు మూసేదాన్ని ఆ రోజు మూయలేదు. ఒంటిగంట అయింది, రెండయింది. బండి నడిపేటప్పుడు ఓబుళప్ప ఫోనెత్తడు. "వస్తాడులే" అని పైకి అంటున్నాను గానీ, సైకిలు దోవలో ఎక్కడైనా జారిపడితే ఆ పాపం నా గరిటెదే కదా అని లోపల దడ.

మూడు దాటాక ఆటో వచ్చింది.

"టైరు ఆడ కూడా దొరకల్యా," అన్నాడు ఓబుళప్ప, ముందు క్యారేజీ అందుకుంటూ. "అంగడి పక్కింట్లో మగ్గం నేసే ఆయన చూసి, చీర మీద బుటాలు తీసేదానికి మగ్గానికి తగిలించే గట్టి అట్ట ఇంత ముక్క కత్తిరించిచ్చినాడు. దాన్ని చీలిక లోపల పెట్టి, పాత ట్యూబు ముక్క అంటించినారు. అనంతపురం దాకా ఏం కాదంట. కొత్త టైరు ఆడ దొరుకుతాది."

ఆమె టైరును నొక్కి చూసింది, షెడ్డు చుట్టూ ఒక చుట్టు తొక్కి చూసింది. రాత్రికి ధర్మవరంలో పడుకొమ్మని రూతమ్మ తన చెల్లెలి నంబరు రాసిచ్చింది. చీకటి పడేలోగా చేరాలి.

షెడ్డు ముందే ఎగుడు. సంచుల బరువుకు సైకిలు కాస్త తూలింది. వెనక నుంచి ఒక్క తోపు తోద్దామని చెయ్యి వేశాను. ఆ పిల్ల తిరిగి చూసి, నవ్వుతూనే నా చెయ్యి తీసేసింది. ఆ తోపు కూడా తనదే కావాలట.

"సరే తల్లీ," అని రెండు చేతులూ వెనక్కి కట్టుకొని నిలబడ్డాను. ఆమె సీటు మీంచి లేచి నిలబడి, ఒక్కో తొక్కుడూ తొక్కుతూ ఎగుడెక్కింది.