శ్రీ తర్వాత కొట్టిన ఎంటర్

నేను ఒక ట్యాగును. నాకు కాగితం లేదు, జిగురు లేదు. నెట్‌వర్కు యంత్రాల పట్టికలో పేరు పక్కన తగిలించే చిన్న గుర్తును.

నన్ను పుట్టించింది ఒంగోలు కంట్రోలు రూములో పనిచేసే పరాంకుశం గారు. ఏం రాసినా పైన శ్రీ చుట్టి, కింది వరుసలో గానీ ఆయన మొదలుపెట్టరు. కూరగాయల చీటీకైనా అంతే. ఆ రోజూ శ్రీ కొట్టి, ఎంటర్ నొక్కి, కింద "ఆపరాదు" అని కొట్టి, ఆసుపత్రికి లైను ఇచ్చే రూటరుకు నన్ను తగిలించారు. మరమ్మతుల్లో కూడా ఆ యంత్రాన్ని ఆపకూడదని నా అర్థం.

ట్యాగులో ఏ అక్షరాలు ఉండవచ్చో అప్పటికి ఎవరూ రాసిపెట్టలేదు. పేరు పెట్టడానికి పడే తొందరలో సగమైనా మనుషులు నియమం పెట్టడానికి పడరు. ముగ్గురు ఇంజనీర్లు మారారు. అందరూ నన్ను కంటితో చదివారు, అర్థం చేసుకున్నారు.

తర్వాత కొత్త సాఫ్ట్‌వేరు వచ్చింది. దానికి ఒక వరుస అంటే ఒక ట్యాగు. నన్ను రెండు ముక్కలు చేసింది. రూటరు దగ్గర శ్రీ మిగిలింది. "ఆపరాదు" ఎవరికీ చెందకుండా కింద పడింది. అప్పటినుంచి నాకు నిలకడ లేదు. అరుద్దామంటే గొంతు లేదు.

గురువారం మరమ్మతు. ఆసుపత్రి నర్సు పొద్దున్నే ఫోను చేసింది: "రెండింటికి కాన్పు కేసుంది. సిటీ డాక్టరమ్మ తెర మీదికొచ్చి చెప్పాల. లైను పోనీయమాకండి సార్!"

"మీ లైనుకు ట్యాగుందిలే తల్లీ," అన్నారు పరాంకుశం గారు.

రెండు దాటింది. "ఆపరాదు" ట్యాగు లేని యంత్రాలను సాఫ్ట్‌వేరు ఒక్కొక్కటే ఆపుతోంది. నాది నాలుగోది. తెర చూస్తున్న ఇంజనీరు రజియా ముఖం చిట్లించింది.

"సార్, ఆపకూడనివి ఏడు గదా? ఇది ఆరే అంటందేంది?"

"సరిగ్గా చూడమ్మా."

"చూశా. ఆసుపత్రి లేదు."

"ఆపు! ముందు మరమ్మతు ఆపు!"

మూడోది ఆరిపోయింది. నాలుగోది ఆరకుండా నిలిచింది.

సాయంత్రం నర్సు మళ్ళీ ఫోను చేసింది. తల్లీబిడ్డలు క్షేమం. రజియా నా రెండు ముక్కలూ తెర మీద చూపించేసరికి పరాంకుశం గారు మాత్రం కూలబడ్డారు.

"దేవుణ్ణి తలుచుకుని రాసిందే ప్రాణం మీదికి తెచ్చిందా అమ్మా?"

"శ్రీ ఏం జేసింది సార్? తర్వాత మీరు కొట్టిన ఎంటర్ జేసింది. కింది వరుసకు దిగమని దేవుడేమన్నా చెప్పాడా?"

"చెప్పలేదు. నాకే అలవాటు."

ఇంగ్లీషు అక్షరాలు తప్ప అన్నీ నిషేధిద్దామన్నారు పై అధికారి. పరాంకుశం గారు తొలిసారి ఎదురు చెప్పారు. చివరికి నియమం ఇలా కుదిరింది: ఏ భాష అక్షరమైనా ఉండవచ్చు, వరుస మార్పు, ట్యాబు నొక్కితే వచ్చే ఖాళీ ఉండకూడదు.

రూటరుకు కొత్త ట్యాగు వచ్చింది. నన్ను చెరిపేయలేదు. తప్పుడు నమూనాగా దాచారు. సాఫ్ట్‌వేరు మారిన ప్రతిసారీ ముందు నన్నే దాని ముందు పెడతారు. అది నన్ను కాదనేదాకా ఎవరూ కుర్చీలో వెనక్కి వాలరు. కాదన్నాక రజియా టీ చెబుతుంది.

ఈ పట్టికలోకి రాకుండా గుమ్మంలోనే కాదనిపించుకోవడమే నా ఉద్యోగం. రోజూ భయపడుతూనే ఉంటాను, ఎప్పుడైనా పొరపాటున రానిస్తారేమోనని.