కొండదారి మేకులు

ప్రొద్దుటూరులో పక్కింటి ఖమర్‌బీ, "ఇష్రత్‌కు బుర్ర తిరిగిందంట, అడవిలో మన్ను కొలుస్తాందంట" అని వీధంతా చెప్పిందట. ఆ సంగతి అమ్మ ఫోన్లో చెప్పి బాధపడింది. ఇష్రత్ నవ్వేసింది. మన్ను కొలిచే మాట నిజమే మరి.

గండి గుడి దాటాక కొండెక్కే మట్టిదారిలో ఆమె నలభై ఇనుప మేకులు తల మాత్రం కనబడేలా దిగ్గొట్టింది. వాన పడ్డాక మేకు ఎంత పైకి తేలితే దారి అంత కోసుకుపోయినట్టు. పీహెచ్‌డీకి ఈ ఒక్క వానాకాలమే మిగిలింది. చక్రాయపేటలో అద్దెగది. మాట్లాడే మనిషి లేక మేకుల నంబర్లనే పైకి చదువుకునేది.

మొదటి వానకు మేకులు బాగానే తేలాయి. తర్వాత రెండు పెద్ద వానలు పడినా గోరంత కూడా తేల్లేదు. ఎందుకో అంతుబట్టలేదు. నాలుగో వాన వెలియగానే పరుగున వెళ్లింది. మేకలు మేపే బాలనాగమ్మ గంపతో మన్ను తెచ్చి, మేకుల చుట్టూ పోసి కాలితో తొక్కుతోంది.

"ఏం చేస్తాండావవ్వా?" ఇష్రత్ కేకేసింది.

"మొదటి వానకు ఒక్కో మేకు కాడా కూలబడి మొగం యేలాడేసుకుంటివి గదా పాపా. తోడు లేని పిల్ల, శానా కష్టపడి నాటుకున్యాదని అప్పట్నుంచీ నేనే పూడుస్తాండా."

"అయ్యో, ఎంత మన్ను పోతాదో చూసేదే గదవ్వా నా చదువు! ఈ ఏడంతా నాశనమైపాయ."

బాలనాగమ్మ గంప దులిపి చంకన పెట్టుకుంది.

"దారి కొట్టుకపోతాంటే సూస్తా కూచ్చుండే సదువు, పోతే పోనీలే పాపా."