నాగప్ప గట్టిచెయ్యి

నాగప్పది గట్టిచెయ్యి. ఆయన మూత బిగించిన డబ్బా ఇంకొకరు తియ్యాలంటె చెమటలు కారాల్సిందే. పొద్దున లేస్తనే ఆ చేత్తోనే పెండ్లాం కిష్టమ్మకు జడ అల్లుతడు. ఊరోళ్ళు నవ్వుకుంటె నవ్వుకోనీ, ఆయనకేం పట్టది. గోపాల్‌పేట దిక్కుండే వాండ్ల పల్లెల బోరు నీళ్ళ నిండ ఫ్లోరైడే. అవి తాగి తాగి కిష్టమ్మ భుజాలు బిగుసుకపోయినయి, చేతులు తల దాక లేవయి. "జర ఒదులుగ అల్లయ్యా, తల నొస్తుంది" అని ఆమె రోజూ అంటది. ఆయన రోజూ ఊఁ కొట్టి గట్టిగనే అల్లుతడు.

రెండువేల ఆరుల ఊర్లె నీళ్ళ ప్లాంటు పెట్టినంక ఆమె పానం జర తేటపడ్డది. నొప్పులు తగ్గి కంటికి నిద్ర వస్తుంది. ఈ నీళ్ళే తాగుకుంట పోతె ఎప్పటికన్న నా జడ నేనే ఏసుకుంట అన్నది ఒకనాడు. ఆ మాట నాగప్ప గుండెల పెట్టుకున్నడు. ప్లాంటు నడిపేది ఆయనే మరి.

ఆ ప్లాంటుది ఒక తీరు. మోటరు బోరు నీళ్ళను సన్నటి పొర గుండ గట్టిగ తోస్తది. మంచినీళ్ళు ఒక పైపుల వస్తయి. పొర ఆపిన ఉప్పునూ ఫ్లోరైడునూ మోసుకొని మిగిలిన నీళ్ళు ఇంకో పైపుల మోరీకి పోతయి. తోడిన నీళ్ళల్ల సగం మోరీ పాలే. నాగప్ప సూడలేకపోయిండు. గద్వాల దిక్కు కరువు పల్లెల పుట్టిన మనిషి, చిన్నప్పుడు ముంతెడు నీళ్ళకు పొద్దంత వాగుల తవ్విన చెలిమె కాడ కూసున్నోడు. అందుకే మోరీ పైపు వాల్వు రోజింత బిగించుకుంట వచ్చిండు. బిందెలు ఎక్కువ నిండుతున్నయని మురిసిండు గూడ, పిచ్చి మారాజు.

ఎన్నాళ్ళు మురుస్తడు? పోయే తొవ్వ మూస్తె ఉప్పంత పొర మీదనే పేరుకున్నది. దాన్ని దాటి నీళ్ళు తొయ్యాలంటె మోటరు కరెంటును ఇంకింత గుంజాలె. గుంజీ గుంజీ ఎండకాలం మొదట్ల ట్రాన్స్‌ఫార్మర్ మీద ఫ్యూజు కొట్టేసింది. రైతుల బోర్లు నడిచేదీ దాని మీదనే. పొట్టకొచ్చిన వరి ఎండబట్టె, రైతులు లొల్లికి రాబట్టె. సర్పంచు జానకమ్మ వాండ్లను సముదాయించి పంపింది గానీ, ఇంకొక్కసారి ఫ్యూజు పోతె ప్లాంటుకు తాళం ఏసుడే అని నాగప్పకు చెప్పి పోయింది.

వనపర్తి నుంచి శివకుమార్ అనే మెకానిక్కు వచ్చి, పొరను మందుతోని కడిగి వాల్వు తెరిచిండు. మోటరు మూలుగు తగ్గింది. ఆ పోయే నీళ్ళు దండుగ కాదనీ, ఉప్పును కడుక్కపోయేది అవేననీ, ఆ తొవ్వ తెరిచి ఉంటెనే కరెంటు తక్కువ కాలుతదనీ ఓపికగ చెప్పిండు. నాగప్ప అన్నిటికీ తలకాయ ఊపిండు. ఆ పిలగాడు బస్సెక్కిండో లేదో, ఈయన చెయ్యి మళ్ళ వాల్వు మీదికి పోయింది. కొంచెమే కద అనుకున్నడు. తెల్లారి ఇంకొంచెం.

మోటరు మళ్ళ మూలుగుడు మొదలుపెట్టింది. నాగప్పకు బయం పట్టుకున్నది. వాల్వు తెరుద్దామంటె చెయ్యి రాదు, తెరువకుంటె తాళం పడ్తది. తాళం పడితె కిష్టమ్మకు మళ్ళ ఆ బోరు నీళ్ళే గతి. పొద్దున జడ అల్లుకుంట సంగతంత ఆమె ముందర ఎళ్ళబోసుకున్నడు. చెప్పుకుంట చెప్పుకుంట ఎంత గట్టిగ గుంజిండో, ఆమె కండ్లల్ల నీళ్ళు తిరిగినయి.

అయినా ఆ తల్లి కోపం చెయ్యలేదు. "ఆ నీళ్ళు తాగనీకి పనికిరావు సరే. గిన్నెలు తోమనీకి గూడ రావా? బట్టలు ఉతుకనీకి?" అని అడిగింది.

ఎందుకు రావు, వస్తయి అన్నడు నాగప్ప.

"మరి మోరీల ఎందుకు పోనిస్తవు? మన నీళ్ళ గోలెం తీస్కపోయి ఆ పైపు కింద పెట్టు."

ఇంటి ముందరి సిమెంటు గోలేన్ని బండి మీద తీస్కపోయి పైపు కింద దించిండు. వాల్వు మీద చెయ్యి పెట్టి జర సేపు ఆగి, మెల్లగ తిప్పిండు. నీళ్ళు మోరీల పడలేదు, గోలెంల పడ్డయి. ముందుగాల పక్కింటి జంగమ్మ అంట్ల గిన్నెలతోని వచ్చింది, ఆమె ఎనక వాడకట్టంత బట్టల మూటలతోని దిగింది. నాగప్ప పానం కుదుటపడ్డది. శివకుమార్ చూపించిన కాడికి వాల్వు పూరాగ తెరిచిండు. మోటరు గొంతు మెత్తబడ్డది, గిర్రున తిరిగే మీటరు చక్రం నిమ్మళంగ తిరగబట్టింది. ఫ్యూజు మళ్ళ పోలేదు, వరి చేతికొచ్చింది. జానకమ్మ ఒకనాడు అటు దిక్కు వచ్చి గోలెం కాడ కాళ్ళు కడుక్కొని పోయింది, తాళం మాట ఎత్తలేదు.

ఆ నడుమనే ఒక పొద్దున నాగప్ప జడ ఒదులుగ అల్లిండు. మధ్యాహ్నానికే ఊడిపోయింది. కిష్టమ్మ జుట్టు ఇరబోసుకొని ప్లాంటు కాడికి వచ్చింది. అందుతదేమో చూస్తనని చెయ్యి పైకి లేపింది. ఎన్నడూ లేంది చెవి దాక పోయింది, ఆడనే ఆగింది. నాగప్ప ఆ చెయ్యిని మెల్లగ కిందికి దించిండు. రేపటి సంది మళ్ళ గట్టిగనే అల్లుత అన్నడు.

"ఒద్దు, గిట్లనే అల్లు" అన్నది కిష్టమ్మ. "ఊడితె మళ్ళ నీ కాడికే వస్త."

నాగప్ప తువ్వాలకు చేతులు తుడుచుకొని, మోటరు పక్కన ఆమెను కూసోబెట్టి మళ్ళ అల్లిండు.